ఎర, ఉచ్చు, దీమము – ఆంగ్లభాషలోని వేటమాటలపై విమర్శ

భాష జాతిజీవితమునకు దర్పణమని పెద్దలు చెప్పుదురు. ఆ దర్పణమున రాజులును పండితులును మాత్రమే గాక బోయలు, బెస్తలు, పిట్టలు పట్టువారు సైతము కానవత్తురన్న సంగతిని మనము తఱచుగా మఱచుచుందుము. ఇంగ్లీషు భాషలో వంచనను దెలుపు మాటలను పరిశీలించినచో ఈ సంగతి స్పష్టపడును. ఆ మాటలలో పెక్కింటి పుట్టిల్లు కచేరియు కాదు, అంగడియు కాదు, అడవియు, చెఱువుగట్టును. మృగమును, పక్షిని, చేపను పట్టుటకు బుట్టిన మాటలే కాలక్రమమున మనుష్యుని పట్టుటకు వాడబడుచున్నవి. అట్టి కొన్ని మాటల చరిత్రమును, వానిని మనము తెనిగించుచున్న తీరును ఈ వ్యాసమున విమర్శింప దలచితిమి.

మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, గంజాం జిల్లాలో చిరకాలము గుమాస్తాపని చేసి, విశ్రాంతి గైకొన్నవారము. ఇంగ్లీషు కాగితము చేతికి వచ్చినప్పుడు కచేరీలో దానిని ఒడియాలో చెప్పుటయు, సాయంకాలము ఇరుగుపొరుగు తెలుగువారికి అదే కాగితమును తెలుగున వివరించుటయు మాకు నిత్యకృత్యముగ నుండెడిది. ఆ వాడుకలో మేము కనిపెట్టిన దొకటి గలదు. ఇంగ్లీషులో 'డిసీవ్' అన్నను, 'చీట్' అన్నను, 'ట్రాప్' అన్నను, 'లూర్' అన్నను, 'హుడ్‌వింక్' అన్నను, 'డికాయ్' అన్నను మనవారు చెప్పు తెలుగుమాట ఒక్కటియే: మోసము. పరభాషారాష్ట్రములలో పెరుగుచున్న మన పిల్లలకైతే ఆ మాట దప్ప వేఱొకటి తెలియదు. ఆఱు మాటల పని ఒక్క మాటచేత చేయించుచున్నాము. ఇది పొదుపు కాదు, దారిద్ర్యము. తెలుగున మాటలు లేక వచ్చిన దారిద్ర్యమును కాదు. ఉన్న మాటలను వాడక తెచ్చుకొన్నది.

మొదట 'డిసీవ్' అను మాటను జూతము. లాటిన్ భాషలో 'కాపెరే' అనగా పట్టుకొనుట. ఆ ధాతువునుండి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషునకు వచ్చిన మాట ఇది. 'క్యాచ్', 'చేజ్', 'క్యాప్చర్', 'క్యాప్టివ్' అను మాటలు కూడ దాని సంతానమే. తఱుముట, పట్టుట, చెఱబెట్టుట, మోసగించుట – ఈ నాలుగును ఒక తల్లి బిడ్డలన్నమాట.

మన ప్రాచీనులకును ఈ బంధుత్వము తెలియును. చాటుననుండి తన్ను కొట్టుట ధర్మమా యని వాలి యడుగగా, వాల్మీకి రాముడు మనుష్యులు మృగములను పట్టు విధములను చెప్పుచు వాగురలను, పాశములను, కూటములను పేర్కొనును. వాగుర యనగా వల, పాశ మనగా ఉరి, కూట మనగా బోను వంటి మాయసాధనము. ఆ 'కూట' శబ్దమే నేటికిని మన న్యాయస్థానపు తెలుగున 'కూటసాక్షి', 'కూటసాక్ష్యము' అను మాటలలో నిలిచియున్నది. కూటసాక్షి యనగా ఏదో యబద్ధమాడినవా డని మాత్రమే మనము తలచుచున్నాము. ధర్మము నడచు త్రోవలో బోను పెట్టినవా డని తలచినచో ఆ మాటకు గల బలము తెలియును.

పట్టువాడు, పట్టుబడువాడు, నడుమనున్న సాధనము – ఈ మూడింటి సంబంధము ప్రతి వేటమాటలోను వేఱువేఱుగ నుండును. ఆ భేదమును గ్రహించుటయే ఈ విమర్శకు ప్రాణము.

'బెయిట్' అను మాట ప్రాచీన స్కాండినేవియా భాషనుండి వచ్చినది. 'కఱచునట్లు చేయుట' అని దాని మూలార్థము. మన 'ఎర' దీనికి సరియైన జోడు. ఎర బలము ఎరలో లేదు, చేప యాకలిలో నున్నది. గాలమునకు గ్రుచ్చిన వానపామును ఆకలి లేని చేప ముట్టదు. కావున ఎరచే చిక్కినవానియందు కొంత ఆశ యుండినదని చెప్పుట న్యాయమే. హితోపదేశమున ముసలిపులి బంగారు కంకణమును చూపి బాటసారిని బురదలోనికి దింపిన కథ మన మందఱము బాల్యమున పరవస్తు చిన్నయసూరిగారి నీతిచంద్రికలో చదివినదే. అది ఎరకథ.

'లూర్' అట్లు కాదు. ఇది డేగవేటవారి మాట. త్రాటి కొనకు ఈకల కుచ్చు కట్టి, ఒక్కొక్కప్పుడు దానికి మాంసపుముక్కను చేర్చి, గాలిలో గిఱగిఱ త్రిప్పుదురు. దూరముగ నెగిరిపోయిన డేగ దానిని జూచి తిరిగి వేటగానికడకు వచ్చును. ఇచ్చట లూర్ చూపబడునది పట్టదలచిన పిట్టకు కాదు. తాను పెంచుకొన్న డేగకు. పలుమాఱు తినిపించి, అలవాటు చేసి, పిలిచినప్పుడెల్ల వచ్చునట్లు చేయుట ఇందలి విశేషము. దీనికి ఎర యను మాట చాలదు. 'మచ్చిక చేయుట' యను తెలుగుమాట యిచ్చట దగ్గఱగ నుండును. ఈ 'లూర్' నుండి వచ్చిన 'అల్యూర్' నేడు చీరల ప్రకటనలలోను, సువాసనద్రవ్యముల సీసాలమీదను సౌందర్యమను నర్థమున వెలయుచున్నది. 'డిలైట్', 'డెలిషస్' అను మాటలకును మూలము మభ్యపెట్టి లాగుకొనుట యను నర్థముగల లాటిన్ ధాతువే. రుచియని, ఆనందమని ఇంగ్లీషువారు మురియు మాటలవెనుక నొక వేటగాడు దాగియున్నాడని వారిలో నెందఱికి తెలియును?

ఇక 'స్నేర్'. ఇది మన ఉచ్చు. ఎరకును ఉచ్చునకును గల భేదము చాల ముఖ్యమైనది. ఉచ్చు ఎవరికిని ఆశ చూపదు. కుందేలు ప్రతిదినము నడచు త్రోవను వేటగాడు కనిపెట్టి, అచ్చట ఉచ్చు పన్నును. కుందేలు తన త్రోవను తాను నడచును. తల దూరినపిదప ముందునకు గుంజుకొన్నకొలది ఉచ్చు బిగియును. బిగించునది వేటగాని చేయి కాదు, చిక్కిన జంతువు గుంజులాటయే. కావున 'ఎన్‌స్నేర్' అయినవా డత్యాశాపరుడు కానక్కఱలేదు. అలవాటైన దారిని నమ్మి నడచినవాడు. వానిని 'మోసపోయినాడు' అని మాత్రమే చెప్పినచో, విన్నవారు వెంటనే 'ఏమి యాశకు పోయినాడో' అందురు. అది వానికి జేయు రెండవ అన్యాయము. మాట పేదదైనచో తీర్పు కూడ పేదదగును.

ఉచ్చును దెలుపు లాటిన్‌మాటనుండియే గుఱ్ఱపురౌతులు విసరు 'లాసో' పుట్టినది. ఆడుబిడ్డల గౌనులకు కుట్టు 'లేసు' కూడ పుట్టినది. ఒక మాట రెండు దారుల బోయి, ఒకచోట పశువుమెడకును, ఒకచోట పసిపాప గౌనుకును చేరినది.

ఇంగ్లీషు కథలలో 'టాయిల్స్' అను మాట వలలను నర్థమున వచ్చుచుండును. శ్రమయను నర్థముగల 'టాయిల్' వేఱు, ఇది వేఱు. ఇది ఫ్రెంచిలో బట్టను దెలుపు 'త్వాల్' అను మాటనుండి వచ్చినది. ఈ భేదము నెఱుగనివాడు 'సింహము వలలో జిక్కెను' అని చెప్పవలసినచోట 'సింహము కష్టములలో జిక్కెను' అని తెనిగించును. అర్థము పూర్తిగ తప్పిపోదు. కాని వల మాయమగును, దానిని బన్నినవాడును మాయమగును, సింహము దానంతట తానే కష్టపడుచున్నట్లు తోచును. అనువాదమున ఇంతకంటె అపాయకరమైన తప్పు లేదు. తెలిసిన తప్పును దిద్దవచ్చును. సగము సరియైన తప్పు దిద్దువాని కంటబడదు.

'పిట్‌ఫాల్' అనగా పైన కొమ్మలును ఆకులును కప్పిన గొయ్యి. ఏనుగులను పట్టుటకు త్రవ్వు అట్టి గోతికి మన పాత నిఘంటువులలో 'ఓదము' అను చక్కని మాట గలదు. నేడు దానిని పలుకువారు లేరు. కన్నడదేశమున స్థిరపడిన మన సోదరులకు ఏనుగులను పట్టు మఱియొక పద్ధతి తెలిసియే యుండును. మైసూరు సీమలో 1870 దశాబ్దిలో సాండర్సన్ దొర ఆరంభించిన ఖెడ్డాలు కాకనకోట యడవులలో 1971 వఱకు జరిగినవి. ఖెడ్డాలో ఎర లేదు, దాచిన గొయ్యియు లేదు. డప్పులు, కేకలు, మంటలతో మందను బెదరించి, పారిపోవుటకు మిగిలిన ఒక్క త్రోవయు దొడ్డిలోనికే పోవునట్లు చేయుదురు. ఏనుగు తాను తప్పించుకొనుచున్నా ననుకొని పరుగిడును. ఆ పరుగే దానిని బంధించును. ఆశచే పట్టుట యొకటి, భయముచే పట్టుట యింకొకటి. ఈ భేదము మున్ముందు మనకు పనికివచ్చును.

కన్నులు మూయుటనుండి పుట్టిన మాటలు మఱికొన్ని. 'హుడ్‌వింక్' అనగా మొదట ముసుగుకప్పి కన్నులు కనబడకుండ చేయుట. 'ఇన్‌వీగిల్' అను మాట గ్రుడ్డివానిగ జేయుట యను నర్థముగల ఫ్రెంచిమాటనుండి వచ్చినది. వీనికి తెలుగున వెదకనవసరమే లేదు. 'కన్నుగప్పుట', 'కండ్లకు గంతలు కట్టుట' అను పలుకుబళ్లు మన పామరజనులకు సైతము నాలుకపై నున్నవి. గానుగయెద్దు కంటికి కట్టిన గంత ఊరూర చూచినవారము మనము. ఇట్టి సజీవమైన పలుకుబడి ఉండగా, పత్రికలవారు 'మోసగించెను' అని వ్రాసి ఊరకుండుట ఏల?

ఇప్పుడు ఈ మాటలన్నింటిలో గంభీరమైన దానికి వత్తుము. అది 'డికాయ్'. ఇది హాలండువారి భాషనుండి వచ్చినదని భాషాశాస్త్రజ్ఞులు తలచుచున్నారు. 'కోయి' అనగా పంజరము. బాతులను పట్టుటకై హాలండున ప్రత్యేకముగ చెఱువులు కట్టి, వానినుండి వంకరగ సాగు కాలువలు త్రవ్వి, ఆ కాలువలపై వలలు కప్పెడివారు. చెఱువున మచ్చికచేసిన బాతు లుండెడివి. గింజలకు అలవాటుపడిన ఆ పెంపుడు బాతులు నిర్భయముగ కాలువలోనికి ఈదిపోగా, ఆకాశమునుండి దిగిన అడవిబాతులు తమ జాతివే పోవుచున్నవి గదా యని వానివెంట పోయెడివి. పోనుపోను కాలువ సన్నమగును, వల దగ్గఱపడును. ఇంగ్లండు రాజు రెండవ చార్లెసు లండనులోని సెయింట్ జేమ్సు తోటలో సైతము ఇట్టి చెఱువును కట్టించెను.

అమెరికాలో పావురములను పట్టువారు కూడ ఈ యుపాయమునే వాడిరి. కట్టివేసిన పెంపుడు పావురమును రెక్కలార్చునట్లు చేసి, పైన పోవు గుంపులను దింపెడివారు. అదియే 'స్టూల్ పిజన్'. నేడా మాటకు పోలీసులకు తనవారి రహస్యములను చేరవేయువాడని యర్థము. అమెరికాలో లెక్కకందని గుంపులుగ నెగిరిన ఆ పావురజాతిలో కడపటిది 1914లో సిన్‌సినాటి జంతుశాలలో చనిపోయినది. పక్షులు పోయినవి, వానిని పట్టిన ద్రోహపుబేరు మిగిలినది.

ఈ 'డికాయ్'కు తెలుగు ఏది? మోసమా? ఎరయా? రెండును కావు. ఎరను చూచి ఆకలిగొన్నవాడు వచ్చును. డికాయ్‌ను చూచి నమ్మినవాడు వచ్చును. మన భాషలో దీనికి అచ్చమైన మాట యుండినది. అది 'దీమము'. మృగములను మృగముచేతను, పక్షులను పక్షిచేతను పట్టుటకై వేటకాండ్రు పెంచి తెచ్చు జంతువునకు దీమ మని పేరు. పాత నిఘంటువులను తిరుగవేసినవారి కిది కనబడును. హాలండునుండి ఇంగ్లీషువారు తెచ్చుకొన్న మాటకు సమమైనది మన ఇంట నుండగా, దానిని మూలబడవైచి, మనము పత్రికలలో 'డికాయ్ ఆపరేషన్' అని వ్రాసికొనుచున్నాము.

దీమమును ఎరనుండి వేఱుచేసి చూచినచో మన పురాణకథలు సైతము క్రొత్తగ తెలియును. మారీచుడు చేసినది ఒక్క మోసము కాదు, రెండు. బంగారులేడి రూపము ఎర. అది సీత కోరికను పట్టినది. చచ్చునపుడు రాముని గొంతుతో 'హా సీతా! హా లక్ష్మణా!' యని యఱచుట దీమము. అది ఆమె ప్రేమను పట్టినది. మొదటిదానికి చిక్కుటలో కొంచెము ఆశ యున్నదని చెప్పుదురేమో. రెండవదానికి చిక్కుటలో ఏ దోషమును లేదు. తనవాని గొంతు విని పరుగిడనివారు ఎవరు? రెండింటిని 'మాయ' యని కలిపి చెప్పిన కథకులు సీతకు కొంత అన్యాయమే చేసినా రనుట మా యభిప్రాయము.

ఇంగ్లీషు కవులలో ఈ భేదములను చక్కగ నెఱిగినవాడు షేక్స్‌పియరు. హామ్లెట్ నాటకమును ఈ దృష్టితో చదివినచో అది యొక వేటచోటువలె కనబడును. పొలోనియసు తన కూతురు ఒఫీలియాను పిలిచి, హామ్లెట్ చేయు ప్రమాణములు తెలివితక్కువ పిట్టలను పట్టు ఉచ్చు లని హెచ్చరించును. అదే తండ్రి రాజుతో గూడి తెఱచాటున దాగి, అదే కూతురును హామ్లెట్ వచ్చు త్రోవలో నిలుపును. ఉచ్చును గూర్చి చెప్పిన తండ్రియే బిడ్డను దీమముగ చేసెను! తన పాపము వదలించుకొనజూచిన రాజు జిగురులో జిక్కిన పిట్టతో తన యాత్మను బోల్చుకొనును. రాజు గుట్టు బయటపెట్టుటకు హామ్లెట్ ఆడించిన నాటకమునకు అతడు పెట్టిన పేరు ఎలుకలబోను. కడపట పొలోనియసు కొడుకు లేర్టిసు, విషము పూసిన కత్తి తనకే తగిలి చచ్చుచు, తాను పన్నిన ఉచ్చులో తానే పడిన పిట్టనని యనును. తండ్రి నోటి మాట కొడుకు మరణమున తిరిగివచ్చినది. ఉచ్చు, దీమము, జిగురు, బోను – అన్నింటిని 'మోసము' అను మాటతో తెనిగించినచో ఈ యల్లిక యంతయు తెగిపోవును గదా!

కచేరీవారికి మిగుల పరిచితమైన 'చీట్' అను మాట చరిత్రము వినోదకరము. వారసులు లేని యాస్తి ప్రభుత్వమునకు చేరుటను 'ఎస్చీట్' అందురు. రెవిన్యూ గుమాస్తాలందఱు ఎఱిగిన మాటయే. మన రాజ్యాంగములోని 296వ అధికరణమున సైతము అది గలదు. ఇంగ్లండున పూర్వము ఈ పనికి నియమితులైన రాజోద్యోగులు లేని హక్కును కల్పించి జనుల యాస్తులు లాగుకొన్న కారణమున, ఆ యుద్యోగపు పేరే తల నఱకబడి 'చీట్' అయి, వంచన యను నర్థమున స్థిరపడినది. వేటనుండి పుట్టని మాట ఇది, దస్తరమునుండి పుట్టినది. గుమాస్తాలమైన మాకు ఇందు గర్వింపదగిన దేమియు లేదు.

ఈ మాటను తెనిగించుటలోనే మన దారిద్ర్యము బయటపడును. 1860 నాటి భారతశిక్షాస్మృతిలో 415వ సెక్షను 'చీటింగు'ను నిర్వచించెను. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ స్థానమున 318వ సెక్షను గలదు. సంఖ్య మాఱినను జనులు మాత్రము వంచకుని ఇంకను 'ఫోర్ ట్వెంటీ' అనియే పిలుచుచున్నారు. ఆ నిర్వచనమున 'డిసీవ్' చేయుట సాధనము. దానిచే ఆస్తి నిప్పించుకొనుట వంటిది ఫలము. రెండును గలసినప్పుడు 'చీటింగు' నేరము. రెండుమాటలకును మోసమే యన్నచో, 'మోసముచేసి ఆస్తి యిప్పించుకొనుట మోసము' అని తేలును. విన్న కక్షిదారునకు ఏమి బోధపడును? మొదటిదానికి 'భ్రమపెట్టుట' యనియు, రెండవదానికి 'వంచన' యనియు చెప్పినచో సామాన్యుడును గ్రహించును.

'ట్రాప్' కూడ కచేరిమాటయే. లంచగొండులను పట్టుటకు నోట్లపై ఫినాఫ్తలీన్ పొడి చల్లుదురు. పుచ్చుకొన్నవాని వ్రేళ్లను సోడియం కార్బొనేటు కలిపిన నీటిలో ముంచినచో నీరు గులాబిరంగు దాల్చును. అడిగి పుచ్చుకొనువాని త్రోవలో పెట్టినచో అది ఉచ్చు. అడుగనివానిని ఆశపెట్టి నేరమునకు దింపినచో అది ఎర. మొదటిది న్యాయమునకు సాధనము, రెండవది న్యాయమునకే కళంకము. 'ట్రాప్' అను ఇంగ్లీషుమాటలో ఈ భేదము మఱుగుపడినది. తెలుగున స్పష్టముగ నున్నది. పరభాషను మెచ్చుకొనుచు మన సొత్తును చిన్నచూపు చూచువారు దీనిని గమనింతురుగాక!

ఇంగ్లీషువారు మన దేశమునుండి పట్టుకొనిపోయిన మాట యొకటి: 'థగ్'. హిందీలో ఠగ్గనగా వంచకుడు. మన పొరుగున ఒడియావారు వంచకుని 'ఠక' యనియు, వంచించుటను 'ఠకిబా' యనియు అందురు. బాటసారులతో స్నేహముచేసి, కలిసి ప్రయాణించి, అదను చూచి మెడకు రుమాలు బిగించి చంపిన ముఠాల కా పేరు వచ్చెను. దక్షిణదేశమున వారిని ఉరిని బట్టి 'ఫాంసీగార్లు' అనిరి. తెలుగువారు పెట్టిన పేరు 'ఉరులు వేసేవాండ్లు' అని ఆనాటి దొరలు తమ వ్రాతలలో నమోదుచేసిరి. ఉత్తరమువారు నమ్మించుటను చూచి పేరు పెట్టిరి. తెలుగువారు మెడకు తగిలిన త్రాటిని చూచి పేరు పెట్టిరి. ఇంగ్లీషులో నేడు 'థగ్' అనగా వట్టి రౌడీ. నమ్మించుట యను నర్థము పోయినది. అసలు భయంకరమైన భాగమే జారిపోయినది.

ఇది యంతయు పండితుల వినోదమని పాఠకులు తలపరాదు. నేటికాలమున ఈ మాటల పని హెచ్చినదే గాని తగ్గలేదు. 1990 దశాబ్దిలో కంప్యూటరుదొంగలు జనుల రహస్యపదములను కాజేయు తమ విద్యకు చేపలు పట్టుట యను మాటనే అక్షరము మార్చి 'ఫిషింగ్' అని పేరిడిరి. అది గాలము. పోలీసుల మని, కస్టమ్సువార మని టెలిఫోనులో గద్దించి, ముసలివారిని గదినుండి కదలనీయక, దాచుకొన్న సొమ్మంతయు పంపించుకొను దుష్టులు బయలుదేరినారు. దీనికి 'డిజిటల్ అరెస్టు' అని పేరు. ఇందు ఆశ యెక్కడ నున్నది? ఇది ఖెడ్డా. బెదరించి తఱిమి, ఒక్క త్రోవను మాత్రమే తెఱచి యుంచుట. ఇట్లు పోగొట్టుకొన్నవారిని 'ఆశకు పోయి మోసపోయినారు' అని యిరుగుపొరుగువారు నవ్వుట మేము విన్నాము. ఆ నవ్వునకు వెఱచి ఎందఱో ఫిర్యాదు సైతము చేయరు. సరియైన మాట లేనిచోట బాధితుడే దోషియగును.

ఇంతకంటె మనకు దగ్గఱగ వచ్చు నపాయము దీమము. కొన్ని యేండ్ల క్రిందట మా పేటకు ఒక పెద్దమనిషి వచ్చెను. చక్కని గోదావరి తెలుగు మాటాడును. భజనలకు వచ్చును, ఉగాదికి పద్యములు చదువును, 'బావగారూ', 'అక్కయ్యగారూ' అని రెండుదినములలో వరుసలు కలిపెను. పిదప చీటీ లారంభించెను. మూడేండ్లు సక్రమముగ నడిపి, ఒక తెల్లవాఱుజామున పేటను విడిచి పోయెను. చీటీ కట్టినవారిలో అత్యాశాపరులు లేరు. బిడ్డ పెండ్లికని నెలనెలకు కూడబెట్టినవారే యెక్కువ. పరభాషవాడు వచ్చి సొమ్మడిగినచో మనము రసీదు అడుగుదుము. తెలుగువాడు అడిగినచో రసీదు అడుగుటకు సిగ్గుపడుదుము. పరాయిచోట వినబడిన మాతృభాష మనకు చుట్టమువలె తోచును. చెఱువున దిగిన అడవిబాతు తన జాతిబాతును చూచి వెంటబోయినట్లే మనమును పోవుదుము. మన పెద్దలు ఆనాడు 'జాగ్రత్త, మోసము' అని యుండిన ఎవ్వరును వినకపోయెడివారు. 'జాగ్రత్త, దీమము కావచ్చును' అని చెప్పగల మాట వారి నోట లేకపోయెను.

దీనినిబట్టి తెలుగువాడు తెలుగువానిని నమ్మరాదని మా యభిప్రాయము కాదు. ఆ నమ్మకమే లేనిచో ఇట్టి సంఘములును ఉండవు, ఇట్టి సంచికలును వెలువడవు. నమ్మకమును కాపాడుకొనుటకే దానిని దొంగిలించువానికి ఒక పేరు కావలెను. పేరు గల దొంగను గుర్తింపవచ్చును.

ఆ పేర్లు ఎక్కడనో లేవు. పూరీ సముద్రపుటొడ్డున పెంటకోటలో మన తెలుగుజాలరులు గలరు. ఒడియావారు వారిని నోలియాలందురు. గోపాలపురమునను గలరు. విసురువల, అలివివల యను మాటలు వారి యిండ్లలో నేటికిని జీవించియున్నవి. యానాములో గోదావరిపాయలలో బ్రదుకు బెస్తవారికి ఇంకెన్ని మాటలు తెలియునో! తమిళుల 'వలై', కన్నడిగుల 'బలె', మన 'వల' ఒక్కటే మాట. ఇట్లు పొరుగుభాషలతో పోల్చి చెప్పినచో తమిళకన్నడదేశములందలి మన బిడ్డలు బడిలో నేర్చినదానితోనే ఇంటిమాటను పట్టుకొందురు. చదువుకొన్న మనము ఇంగ్లీషు నిఘంటువును మాత్రమే తిరుగవేయుదుము; మన పేట చివర వల అల్లుకొను తాతను అడుగము. పర్లాకిమిడిలో నుండి జనుల నోటిమాటకు గౌరవము కోరి పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారి గంజాంసీమలోనే ఇట్లు జరుగుట శోచనీయము.

ప్రతి తెలుగుసంఘమును తన యూరిలోని జాలరుల, వేటకాండ్ర, పిట్టలు పట్టువారి మాటలను ఒక పుస్తకమున వ్రాయించి యుంచినచో ఎంతయో మేలు. అది పెద్ద వ్యయమైన పని కాదు. ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు, వినుటకు ఓపిక యున్న యొక పడుచువాడు చాలును. ఇంటిలో తల్లిదండ్రులు బిడ్డలకు కథ చెప్పునప్పుడు 'పులి బాటసారిని మోసగించెను' అని ముగింపక, 'కంకణమును ఎరజూపెను' అని చెప్పుదురుగాక. 'పావురములు మోసపోయెను' అనక, 'నూకల కాశపడి వలలో జిక్కెను. కలిసి యెగిరి వలతోగూడ పోయెను' అని చెప్పుదురుగాక. ఏది ఎరయో, ఏది ఉచ్చో, ఏది దీమమో తెలిసిన బిడ్డ ఏ భాషలో చదివినను, ఏ రాష్ట్రమున బ్రదికినను, తన కన్నులతో తాను చూడగలుగును. ఇతరులు చిక్కినప్పుడు నవ్వక, వారెట్లు చిక్కిరో విచారించి, ఉచ్చు విప్పుటకు చేయి చాపును. విజ్ఞులు ఈ సూచనను ఆలోచింతురుగాక.